మూడు వేళ్ల దూరం

12 ఏప్రిల్ 1987, ఆదివారం

రింగు అంటుకుంది. పొద్దున స్టూడియో తాళం తీయగానే మొదట దాన్నే లాగి చూశాను. ఊడలేదు. ఇంతకుముందు మూడు ఊడాయి, నాలుగోది నిలిచింది.

చేసింది ఇంతే. కెమెరా మూతికి పెట్టే ప్లాస్టిక్ మూతను మధ్యలో గుండ్రంగా కోశాను. పగిలిన ఫిల్టరు ఒకటి డ్రాయరులో పడి ఉంటే అద్దం పీకేసి, దాని రింగును ఆ మూతకు జిగురుతో అంటించాను. ఇప్పుడు మామూలు లెన్సునే తిరగేసి, ముందు భాగం కెమెరా వైపు వచ్చేలా బిగించవచ్చు. తిరగేసిన లెన్సు చిన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. పట్నం నుంచి క్లోజప్ లెన్సు తెప్పించే తాహతు నాకు లేదు. ఈ దమ్మపేటలో దాంతో ఎవరికీ పని కూడా లేదు. నాకే ఉంది.

ఇలా బిగిస్తే ఫోకసు రింగు తిప్పి లాభం లేదు. వస్తువుకు సరిగ్గా మూడు వేళ్ల దూరంలో లెన్సు ఉండాలి. ఆవగింజంత జరిగినా మసక. కాబట్టి ఊపిరి బిగబట్టి మనిషే ముందుకూ వెనక్కూ ఊగాలి. కొండమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఏంది, పూనకం వచ్చిందా?" అంది. ముప్పై మూడేళ్ల మొగుడు చీమ ముందు బోర్లా పడుకుంటే ఏ పెళ్లామైనా అంతే అంటుంది.

14 ఏప్రిల్

తిరగేసిన లెన్సులో వెలుతురును అదుపు చేసే రేకులు మూసుకుపోయి లోపలంతా చీకటిగా కనిపిస్తుంది. వెనక ఒక చిన్న మీట ఉంది. దాన్ని అగ్గిపుల్లతో తోసి పెడితే రేకులు తెరుచుకుంటాయి. ఆ వెలుతురులో ఫోకసు చూసుకుని, అగ్గిపుల్ల తీసేసి, అప్పుడు నొక్కాలి. రేకులు మూసుకుంటేనే బొమ్మ అంతా తేటగా వస్తుంది.

అగ్గిపుల్ల తీయడం మరిచాను. పద్దెనిమిది ఫ్రేములు దండగ.

19 ఏప్రిల్, ఆదివారం

ఎర్రచీమ తలను పలకంత ప్రింటు వేసి షోకేసులో పెట్టాను. సోడా షాపు ఐసుపెట్టెలో పది నిమిషాలు ఉంచితే కదలకుండా కూర్చుంది మహాతల్లి. కళ్లు, మీసాలు, దవడ మీద నూగు, అన్నీ వచ్చాయి. సంతకొచ్చిన వాళ్లంతా అద్దానికి ముక్కులు ఆనించి చూశారు. పెళ్లి ఫొటోలకు కూడా ఇంతమంది నిలబడలేదు. గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి?

మధ్యాహ్నం హరిలాల్ వచ్చాడు. తండాలో పుట్టి, లా చదివి, ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉంటున్నాడు. ఏజెన్సీ భూముల కేసులు చూస్తాడు. వెంట యాభై ఏళ్ల కోయ మనిషి, భీమక్క. వాగు అవతల గూడెం ఆమెది. ఆమె చీమను చాలాసేపు చూసి నవ్వింది.

"ఇది ఆకులు కుట్టే సీమ తమ్మీ. దీన్ని నూరి పచ్చడి సేస్తే జరం పోతది. నువ్వేమో కూసోబెట్టి ఫొటో దించినవ్."

హరిలాల్ పని మీదే వచ్చాడు. "గోపాలన్నా, సీమ మీసాలు కనబడంగ, కాగితం మీద వేలిముద్ర గీతలు కనబడయా?"

కేసు ఇది. భీమక్క మొగుడు భీమయ్య చనిపోయి ఎనిమిదేళ్లు. వాగు పక్కన రెండెకరాలు అప్పటినుంచీ ఆమే దున్నుకుంటోంది. ఇప్పుడు ఒక సాదా కాగితం బయటికి వచ్చింది. ఆ పొలాన్ని భీమయ్య 1968లోనే వీరభద్రం గారికి ఇచ్చేసినట్టు రాసి, కింద వేలిముద్ర ఉంది. గూడెం భూమి బయటివాళ్లు తీసుకోకూడదని చట్టం గట్టిపడింది డెబ్బైలో. కాగితం అంతకు రెండేళ్ల ముందుది, కాబట్టి చెల్లుతుందని వాళ్ల వాదన. సాక్షులిద్దరూ పోయారు. తేలేదాకా ఎవరూ దున్నొద్దని భద్రాచలంలో భూముల కేసులు వినే కచేరి వాళ్లు ఆపేశారు. ముద్రను పెద్దది చేసి నిపుణుడికి పంపిస్తామంటే ఒక్కరోజు అనుమతి ఇచ్చారట.

వీరభద్రం గారంటే నా స్టూడియో గది యజమాని. మిర్చి, ఇప్పపూలు, జిగురు, అన్నీ కొంటాడు.

భీమక్క వెళ్తూ వెళ్తూ ఆగింది. "పై నెలల మా గూడెంల గింజల పండగ. పొలం ఉన్న ఇంటోళ్లు తలా పిడికెడు తెచ్చి ఒక్క బుట్టల కలుపుతరు. పూజైనంక ఆ గింజలే పంచుకొని సల్లుకుంటరు. పొలం లేనోళ్లు బుట్టల పెట్టరాదు. నన్ను పెట్టమంటవా తమ్మీ, వద్దంటవా? నీ ఫొటోల ఏం కనబడతదో సెప్పు."

చేస్తానన్నాను.

20 ఏప్రిల్

నాకూ ఆ పొలానికీ ఏ సంబంధమూ లేదు. ఆ కాగితం రాసిన రోజు నేను అక్కడ ఉన్న మాట నిజమే. భీమయ్య ఫొటో తీయడానికి తీసుకెళ్తే వెళ్లాను. ఫొటోగ్రాఫరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్తాడు.

24 ఏప్రిల్, శుక్రవారం

పొద్దున బస్సుకు భద్రాచలం వెళ్లి ఇప్పుడే వచ్చాను. ఒళ్లంతా దుమ్ము.

కచేరిలో కరెంటు లేదు. నయమే, కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. ముక్కాలిపీటను బల్ల మీద నిలబెట్టి, దాని కాళ్ల మధ్య కెమెరాను సైకిలు ట్యూబుతో కట్టాను, మూతి కిందికి ఉండేలా. రికార్డు గుమాస్తా కళ్లద్దాలు పైకి నెట్టి, "ఇది కెమెరానా, కోళ్లగంపనా?" అన్నాడు. కాగితం కింద పోస్టుకార్డులు ఒక్కొక్కటే పెడుతూ ఎత్తు సరిచేశాను. మూడో కార్డుకు గీతలు తేటపడ్డాయి. పడమటి వైపు తెల్ల పంచె పట్టుకోమని హరిలాల్‌ను నిలబెట్టాను, నీడ రాకుండా. పాపం లాయరు రెండు గంటలు పంచె పట్టుకున్నాడు.

ప్రతి ఫ్రేముకూ అగ్గిపుల్ల తీశాను. తీశానని హరిలాల్‌తో పైకి లెక్క చెప్పించుకున్నాను. ఇరవై రెండు ఫ్రేములు. నా జీవితంలో ఇంత శుభ్రంగా ఏ పనీ చేయలేదు.

25 ఏప్రిల్

మధ్యాహ్నం కడిగాను. నెగటివు ఆరబెట్టి భూతద్దంలో చూశాను. అన్నీ బాగా వచ్చాయి.

ముద్రకు అడ్డంగా నెలవంక లాంటి గీత ఒకటి ఉంది. గాయం మచ్చ. మామూలుగా చూస్తే సిరా మరకలో కలిసిపోతుంది, ఇందులో దారంలా కనిపిస్తోంది.

నా ఎడమ బొటనవేలికీ అలాంటి మచ్చ ఉంది. ఖమ్మంలో పటాల షాపులో పనిచేసేటప్పుడు అద్దం కోస్తుంటే తెగింది. అద్దం, కొడవలి, గొడ్డలి. మచ్చలు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు.

26 ఏప్రిల్, ఆదివారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. రాస్తాను.

1979 వానాకాలం. దమ్మపేటకు వచ్చి నెల కాలేదు. కెమెరా ఉంది, గది లేదు. వీరభద్రం గారు పిలిచి గూడెంలో ఒక ముసలాయన ఫొటో తీయాలన్నారు. జీపులో వెళ్లాం. భీమయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు, చలిజ్వరం. ఫొటో అనగానే లేచి కూర్చుని తలపాగా చుట్టుకున్నాడు. ఒకటే తీశాను. తర్వాత జీపు దగ్గర బానెట్ మీద కాగితం పరిచారు. సిరా ప్యాడు నాదే, రబ్బరు స్టాంపుది.

వీరభద్రం గారు, "ముసలోడు ఒప్పుకుండు. సెయ్యి వణుకుతుంది, ముద్ర మంచిగ పడతలేదు. నీ వేలు పెట్టు. ఎవని వేలైతే ఏంది, మనిషి ఒప్పుకున్నంక?" అన్నారు.

భీమయ్య ఒప్పుకున్నాడని ఆయన చెప్పారు. నేను నమ్మాను. పాతిక అడుగుల దూరంలో మంచం ఉంది, వెళ్లి అడగవచ్చు. వాన వచ్చేలా ఉంది, అందరూ తొందర పడుతున్నారు. పెట్టాను. కాగితంలో ఏముందో చదవలేదు.

వారానికి భీమయ్య పోయాడని తెలిసింది. పై నెలలో నాకు ఈ గది దొరికింది.

గది కోసం పెట్టలేదు.

27 ఏప్రిల్

ప్రింట్లు వేయలేదు. తలనొప్పి.

29 ఏప్రిల్

హరిలాల్, భీమక్క ఇద్దరూ వచ్చారు. ప్రింట్లు ఇచ్చాను. మసక ప్రింట్లు. నెగటివు బాగానే ఉంది, ఎన్‌లార్జరు ఫోకసు నేనే తిప్పాను. అగ్గిపుల్ల తీయడం మరిచానని చెప్పాను.

హరిలాల్ ఒక్కో ప్రింటు తిప్పి చూశాడు. "ప్రతిసారీ తీసినవ్ గదన్నా. నేనే లెక్క పెట్టిన."

"రేకులు ఇరుక్కున్నట్టున్నయ్ సారూ. ఇంట్లో చేసిన సామాను గదా."

నా రింగు మీద, నా పని మీద నేనే అబద్ధం చెప్పాను. అదొక బాధ. ఇంకో బాధ రాయబుద్ధి కావడం లేదు.

హరిలాల్ కుర్చీలో కూలబడ్డాడు. "అప్పుల సొసైటీ పుస్తకంల భీమయ్య ముద్ర ఒకటి దొరికింది గని దాని మీద నూనె కారింది. పోల్చనీకి ఏం లేదు. ఇది ఆయనది కాదని మనం రుజువు సేయలేం. ఇగ ఎవనిదో వాడే వచ్చి సెప్పాలె, గంతే."

నేను బల్ల మీద ప్రింట్లు సర్దాను.

భీమక్క నా ముఖం చూసి, "నీ తప్పేముంది తమ్మీ, అగ్గిపుల్ల తప్పు," అంది. తెచ్చిన ఇప్పపూల మూట బల్ల మీద పెట్టి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

2 మే

వీరభద్రం గారు స్టూడియోకి వచ్చారు. గది కిరాయి అడగడానికి కూడా ఎప్పుడూ మనిషిని పంపేవారు. చీమ ఫొటో మెచ్చుకున్నారు. పక్క గది కూడా ఖాళీ అవుతుందట, కావాలంటే నాకే ఇస్తారట.

"ఫొటోలు సక్కగ రాలేదంట గదా," అన్నారు.

"రాలేదండీ."

"నువ్వు మొదటి సంది తెలివిగల్లోడివిరా గోపాలూ. ఆ రోజు నువ్వు లేకుంటే పని అయ్యేది కాదు."

భుజం తట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. చెయ్యి తీయమని అనలేకపోయినందుకు నా మీదే.

5 మే

రింగు ఇంకా గట్టిగా ఉందో లేదో చూద్దామని నా బొటనవేలి ముద్ర కాగితం మీద వేసి తీశాను. మూడు పోస్టుకార్డుల ఎత్తు, కిటికీ వెలుతురు, అదే లెన్సు. రింగును పరీక్షించడానికే.

అద్దం తెగిన సంవత్సరం 1974. రెండు కుట్లు. షాపు యజమాని దస్రుకు ఇప్పటికీ గుర్తుంటుంది, నా నెత్తురుతో లక్ష్మీదేవి పటం పాడైందని ఆ నెల అంతా తిట్టాడు. 1968లో నేను వేంసూరు బడిలో ఎనిమిదో తరగతి. అప్పుడు ఈ వేలికి మచ్చ లేదు.

అంటే ఈ మచ్చ ఒక్కటి చాలు, ఆ కాగితం దొంగదని తేలడానికి.

రింగు గట్టిగానే ఉంది.

6 మే

రెండు ప్రింట్లు దండెం మీద ఆరేశాను, కచేరి కాగితానిదీ నాదీ. అన్నం తెచ్చిన కొండమ్మ చూసింది. బియ్యంలో రాళ్లు ఏరే కళ్లు ఆమెవి.

"ఒక్క వేలునే రెండుసార్లు ఎందుకు దించినవ్?" అంది.

ఇక చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను. జీపు, బానెట్, సిరా ప్యాడు. ఆమె చెంబు కింద పెట్టింది.

"పెండ్లిసూపులకొచ్చినప్పుడు సొంతంగ స్టూడియో నడుపుతున్న అన్నవ్. గా గదేనా?"

"అవ్."

"మా నాయిన గది సూసే పిల్లనిచ్చిండు."

గిన్నెలు సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రం నేను వెళ్లేసరికి పొయ్యి వెలిగించలేదు.

7 మే

గది కోసమే పెట్టాను.

10 మే, ఆదివారం

భీమయ్య నెగటివు వెతికాను. ఎనిమిదేళ్ల డబ్బాలు అన్నీ దింపితే, మూడోదాంట్లో దొరికింది. అంచున బూజు పట్టింది, ముఖం బాగుంది. ప్రింటు వేసి, కవరులో పెట్టి, రెండు వేలిముద్రలూ ఇంకో కవరులో పెట్టి సైకిలు మీద గూడెం వెళ్లాను.

భీమక్క వాకిట్లో చాట ముందు కూర్చుని జొన్నలు, సామలు వేరు చేస్తోంది. బుట్టలో పెట్టే గింజలా అని అడిగాను. "ఏరి పెట్టుకుంటన్న. పెట్టేది లేంది తెల్వదు," అంది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ముద్రల ప్రింట్లు ఆమె ముందు పెట్టాను. ఆమె ప్రింట్లు చూడలేదు. "ఏదీ, ఆ వేలు సూపియ్యి," అంది. చాచాను. నా బొటనవేలును పట్టుకుని, మచ్చ మీద గోటితో గీసి చూసింది.

"మా మనిషి ఆ రోజు జరంల లేసి తలపాగ సుట్టిండు, నువ్వు ఫొటో దించుతవని. పొయ్యేదాక ఫొటో వచ్చిందా, ఫొటో వచ్చిందా అని అడిగిండు. నువ్వు తెయ్యలే. పొలం సంగతి కచేరోళ్లు సూసుకుంటరు. ఫొటో ఎందుకు తెయ్యలేదు నువ్వు?"

ఫొటోకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు, అందుకని ప్రింటు వేయలేదు. అదీ కారణం. అదే చెప్పాను. కవరు ఇచ్చాను.

ఆమె ఫొటోను చాలాసేపు చూసింది. ఏడవలేదు. కొంగుతో ఒకసారి తుడిచి లోపలికి తీసుకెళ్లింది. నీళ్లు ఇవ్వలేదు. అడగలేదు నేను. కాసేపటికి లోపల్నుంచే, "లాయరు సారుకు సెప్పినవా?" అంది.

"రేపు సెప్త అక్కా."

"రేపు కాదు. ఇయ్యాల బస్సున్నది."

10 మే, రాత్రి

ఖమ్మం. హరిలాల్ ఇల్లు. చెప్పాను. చాలాసేపు అరిచాడు, న్యాయమే. తర్వాత టీ ఇచ్చి, నా మీద కూడా కేసు కావచ్చని చెప్పాడు. కావచ్చు.

14 మే

భద్రాచలం కచేరిలో వాంగ్మూలం ఇచ్చాను. మంచి ప్రింట్లన్నీ ఇచ్చాను. దస్రు వచ్చి, గాయం సంగతి చెప్పాడు. లక్ష్మీదేవి పటం సంగతి కూడా చెప్పాడు, అవసరం లేకపోయినా.

అదే గుమాస్తా కాగితం నా ముందుకు తోసి కలం ఇచ్చాడు.

"సంతకం పెడతాను. వేలిముద్ర కూడా తీసుకోండి," అన్నాను.

"సదువుకున్నోనివి, ముద్ర ఎందుకయ్యా?"

"దాని గురించే గదా ఇదంత."

ప్యాడు తెచ్చాడు. ఎడమ బొటనవేలు అద్ది పెట్టాను. పక్కన నా పేరు, తండ్రి పేరు, ఊరు, తారీకు రాశాను. అసలు తారీకు. వీరభద్రం గారు అవతలి బెంచీ మీదే ఉన్నారు. నా వైపు చూడలేదు.

18 మే

గది ఖాళీ చేయమన్నారు. చేశాను. చీమ ఫొటో అద్దంతో సహా తెచ్చుకున్నాను.

19 మే

ఇప్పుడు స్టూడియో అంటే బస్టాండు పక్కన టార్పాలిన్. కొండమ్మ పుట్టింటి నుంచి గుంజలు వచ్చాయి. నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. కానీ గుంజలు తనే పాతించింది.

7 జూన్, ఆదివారం

నిన్న మొదటి వాన. టార్పాలిన్ ఒకచోట కారింది. కెమెరా పెట్టె మీద గిన్నె బోర్లించాను.

తీర్పు ఇంకా రాలేదు. దున్నొద్దన్న ఉత్తర్వు మాత్రం తీసేశారు. నా మీద కేసు పెడతారో లేదో హరిలాల్ చెప్పలేకపోతున్నాడు. నేను అడగడం మానేశాను.

మధ్యాహ్నం భీమక్క వచ్చింది, కొంగులో మూటతో. పండగ అయిందట. తన పిడికెడు కూడా బుట్టలో కలిపారట. పంచగా వచ్చిన గింజలు సగం చల్లి, మిగతావి రేపు చల్లాలని మూటగట్టుకుని వచ్చింది. దారిలో నన్ను చూసి ఆగిందేమో అనుకున్నాను. కాదు, పని మీదే వచ్చింది.

"సీమను గంత పెద్దగ దించినవ్ గదా. నా గింజను దించు. నేను గూడ పెట్టిన బుట్టలది ఇది, సూడాలె."

నన్ను క్షమించిందని దీని అర్థం కాదు. ఆమె ముఖంలో ఆ మాట లేదు. ఫొటో దిగడానికి వచ్చింది, ఫొటో తీయడం నా పని.

గింజ కింద పెడితే దొర్లిపోతోంది. ఆమె దాన్ని బొటనవేలి మీద పెట్టుకుని చెయ్యి చాచింది. పొలం చెయ్యి, వణకలేదు. నేనే ముందుకూ వెనక్కూ ఊగాను. మూడు వేళ్ల దూరంలో జొన్నగింజ తేటపడింది, దాని కింద ఆమె వేలి గీతలు కూడా. అగ్గిపుల్ల తీశాను. తీశానా అని మళ్లీ చూసుకున్నాను. నొక్కాను.

టార్పాలిన్ కింద చీకటిగది లేదు, దుప్పటి కప్పుకుని కడిగాను. కొండమ్మ దుప్పటి అంచులు పట్టుకుంది. సాయంత్రం బస్సులోపు ఆరిన ప్రింటు ఇచ్చేశాను. ఇచ్చేముందు వెనక పెన్సిలుతో రాశాను: ఈ వేలు భీమక్కది. 7-6-87.